గుడియాత్తానికి సముద్రం వచ్చిన సంగతి

తన ఇంటి బోరు నీళ్ళు మెత్తబడాలని కోరుకునే హక్కు ఈ దేశంలో ప్రతి మనిషికీ ఉంది. ఆ కోరికకు తాను తగినవాడినని రుజువు చేసుకునే బాధ్యత కూడా ఆ మనిషిదే. హక్కు పుట్టుకతో వస్తుంది. రుజువుకు మాత్రం రెండు ఫొటోలు, ఒక సంతకం, మూడు జిరాక్సులు కావాలి. (జిరాక్సులు మా కొట్టులో తీయబడును.)

నా పేరు కృష్ణప్ప. గుడియాత్తం బజారులో ఇరవై రెండేళ్ళుగా జిరాక్సు కొట్టు నడుపుతున్నాను. జనం నింపిన ఫారాలు, నింపలేక వదిలేసిన ఫారాలు, నింపి ఏడ్చిన ఫారాలు అన్నీ నా చేతుల మీదుగానే పోతాయి. మా వీధిలో అందరూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తెలుగులోనే తిట్టుకుంటారు. చదవడం, రాయడం దగ్గరికి వచ్చేసరికి అంతా తమిళమే. నేనొక్కణ్ణే చిన్నప్పుడు పలమనేరులో మేనమామ ఇంట్లో ఉండి, ఎనిమిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివాను. అందువల్ల తెలుగు అక్షరం ఎక్కడ కనబడినా వీధి మొత్తానికి చదివిపెట్టే పదవి నాకు దక్కింది. ఆ పదవి వల్ల నాకు కాస్త పొగరు ఉండేదని ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు లేదు.

ఇక నీళ్ళ సంగతికి వస్తాను. మా ఎదురింటి మీనాక్షమ్మ వదిన వాళ్ళ బోరు ఏడువందల అడుగులు. అంత లోతు నుంచి వచ్చే నీళ్ళు ఒట్టి చేతులతో రావు, కొంత భూగోళాన్ని కూడా వెంట తెస్తాయి. కుళాయి మూతికి తెల్లగా గడ్డ కడుతుంది. కందిపప్పు ఆరు విజిళ్ళు విని కూడా లొంగదు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, చేయి మాత్రం అరుగుతుంది. ఇలాంటి నీళ్ళను మా వైపు ఉప్పు నీళ్ళు అంటాం. నాలుకకు ఉప్పగా ఉంటాయని కాదు. మునిసిపాలిటీ కుళాయిలో వచ్చేవి మంచినీళ్ళు, బోర్లో వచ్చేవి ఉప్పు నీళ్ళు, అంతే. అణైకట్ నుంచి కాట్పాడి దాకా ఎవరిని అడిగినా ఇదే చెబుతారు, తమిళంలో అడిగినా ఉప్పు తండ్ణి అనే అంటారు. ఆ మాట అన్నందువల్ల ఇంతవరకు ఎవరికీ సముద్రం గుర్తుకు రాలేదు.

మీనాక్షమ్మ వదిన కోడలు స్నేహది కాట్పాడి. పుట్టింట్లో మంచి బావి ఉంది. ఆ పిల్ల కోడలుగా వచ్చినప్పుడు జడ నడుము దాటి ఉండేది. పెళ్ళినాడు ఆ జడకు పూలు కుట్టడానికి ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుంటే ముహూర్తం దగ్గరపడేదాకా లేవలేదు. ఏడాదిన్నర ఈ నీళ్ళు పోసుకున్నాక ఆ జడ నా బొటనవేలంత అయింది. రాలిన వెంట్రుకలను పారేయడానికి మనసొప్పక ఒక బట్టల కొట్టు సంచిలో దాచుకునేది. ఫిబ్రవరిలో ఒకరోజు ఆ సంచిని తెచ్చి నా కౌంటరు మీద పెట్టింది. వెనకాలే ఆమె మొగుడు భువన్ తల వంచుకుని నిలబడ్డాడు.

"చూడు మామా, ఇది ఈ నెలది మాత్రమే. నా తల మీద ఉండేదానికన్నా దీంట్లోనే ఎక్కువ ఉండాది. ఇట్లే పోతే దీపావళికి నాకు జడే ఉండదు."

"నీళ్ళు మెత్తబడేదానికి సాఫ్ట్‌నర్ పెట్టిస్తానంటి కదా స్నేహా," అన్నాడు భువన్.

"అంటివి. పొంగలప్పుడూ అంటివి. దానికి ముందు పొంగలప్పుడూ అంటివి."

ఆ పిల్ల జడ గురించి వీధిలో ఆడవాళ్ళంతా చెప్పుకునేవాళ్ళు. "తియ్యి నాయనా ఆ ఫోను, ఇప్పుడే తీర్మానం చేస్తాం," అన్నాను.

మృదుజల యంత్రం ఎంచుకోవడం కష్టమని జనం అనవసరంగా భయపడతారు. జలమైత్రి అనే సంస్థ వారు ఆరు రకాలు తయారు చేస్తారు, ఆ ఆరింటికీ తేడా మూత రంగు. మనకు ఏ మూత తగునో మనం నిర్ణయించుకోలేము కాబట్టి, వారి యాప్ మనల్ని నలభై ఒక్క ప్రశ్నలు అడిగి తానే నిర్ణయిస్తుంది. ఇంట్లో తలలు ఎన్ని? వాటిలో జుట్టు ఉన్నవి ఎన్ని? బట్టతల వారు ఉన్నచో వారికి నీటి విషయంలో అభిప్రాయాలు ఉన్నవా? (మీనాక్షమ్మ వదిన భర్త తిరువేంగడానికి బట్టతల. అభిప్రాయాలు చాలా ఉన్నాయి. కానీ ఆ గడిలో రెండంకెల కన్నా ఎక్కువ పట్టలేదు.)

అన్నిటికన్నా ముందు భాష ఎంచుకోవాలి. భువన్ వేలు తమిళం మీదికి పోతోంది. నేను పట్టుకుని ఆపాను.

"ఏమప్పా, ఇంట్లో మాట్లాడేది ఏ భాష? మన భాష ఎదురుగా ఉండాది, దాన్ని దాటిపోతా ఉండావే!"

"నాకు చదివేదానికి రాదే చిన్నాయనా."

"నేను యాడికి పోతా? నేను లేనా?"

భువన్ తెలుగు నొక్కాడు. 'ధన్యవాదములు. ఈ ఎంపిక శాశ్వతము' అని వచ్చింది. (తన పెళ్ళిలో కూడా ఎవరూ ఇంత గట్టిగా చెప్పలేదని భువన్ తర్వాత అన్నాడు.) అప్పటినుంచి ఫోను నా చేతికి వచ్చింది. పద్దెనిమిది ప్రశ్నలు గడగడా దాటించాను. పంతొమ్మిదోది, 'మీ నీటి స్వభావమును మీ సొంత మాటలలో తెలుపుడు.' సొంత మాటల్లో అన్నారు కదా. నా వేలితో నేనే, ఒక్క అక్షరం తప్పు లేకుండా, 'ఉప్పు నీళ్ళు' అని రాశాను. ళ కింద వత్తు కూడా సరిగ్గా పడింది.

తెర మీద నీలంగా ఒక అల లేచి పడింది. 'అభినందనలు. మీరు తీరప్రాంత వినియోగదారుగా నమోదైనారు.' కంపెనీ వాళ్ళు ఏదో కవిత్వంగా చెబుతున్నారనుకుని సంతోషించాను.

మూడో రోజు ఫోను వచ్చింది. భువన్ పరుగెత్తుకుని నా కొట్టుకు వచ్చి స్పీకరు పెట్టాడు. ఎవరో ఆడమనిషి, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడింది.

"నమస్కారమండీ. జలమైత్రి తీరప్రాంత విభాగం నుంచి మాట్లాడుతున్నాను. మీ గృహానికి సముద్రం ఎంత దూరంలో ఉందో తెలియజేయగలరా?"

"సముద్రమా? యాడిది మేడం సముద్రం? మాది గుడియాత్తం."

"గుడియాత్తం తీరం. రాసుకున్నానండీ. అలలు ఇంట్లోకి వస్తాయా, ప్రహరీ దగ్గరే ఆగుతాయా?"

"అయ్యో, అలలు లేవు మేడం. ఇది బోరు. బోర్లో వచ్చే ఉప్పు నీళ్ళు."

"అంటే మీకు సముద్రం భూమి లోపలి నుంచి వస్తోందన్నమాట." ఆమె గొంతులో నిజంగానే దిగులు వినిపించింది. "ఎప్పటి నుంచండీ?"

"మా నాయన బోరు ఏసినప్పటి నుంచి."

ఆమె సానుభూతి తెలిపి ఫోను పెట్టేసింది. సముద్రానికి నూటయాభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మా ఊరు ఆ మధ్యాహ్నం నుంచి రేవు పట్టణం అయింది. నేను ఫోను చేసి వివరం చెప్పబోతే, ఖాతాదారు కానివారు సముద్రం గురించి మాట్లాడరాదని చెప్పారు.

తర్వాత తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి. 'పడవలను ఒడ్డుకు చేర్చుడు. వలలు భద్రపరచుడు.' భువన్‌కు ఉన్నది ఒక స్కూటరు. దాన్ని ఎందుకైనా మంచిదని లోపల పెట్టాడు. మిద్దె మీద ఎండబెట్టిన వడియాలను మీనాక్షమ్మ వదిన గబగబా కిందికి దించింది. చుక్క వాన పడలేదు. "ఊరికే చెప్తారా కృష్ణప్పా, వాళ్ళకు తెలీదా ఏం?" అంది నాతో. మరుసటి హెచ్చరికకూ దించింది. ఆ ఎండాకాలం ఆమె వడియాలు సరిగ్గా ఎండనే లేదు.

విసిగిపోయి ఇంకో కంపెనీని పిలిచాం. వాళ్ళ మనిషి వచ్చాడు, ఫోనులో చిరునామా కొట్టి చూశాడు, చెప్పులు విడవకుండానే వెనక్కి తిరిగాడు. "మీది సముద్రం ఒడ్డు అని చూపిస్తా ఉండాది సార్. మా మెషిను దానికి తాంగదు," అన్నాడు. తాంగదు అంటే తట్టుకోదని. ఆ మనిషి కాట్పాడి నుంచి బస్సులో వచ్చాడు, దారిలో ఒక్క అల కూడా చూడలేదు, అయినా ఫోను చెప్పిందే నమ్మాడు.

ఏప్రిల్ మధ్యలో యంత్రం బిగిస్తారని తేదీ వచ్చింది. స్నేహ స్నానాలగది గోడంతా తుడిచి పెట్టుకుంది. బిగించే ముందురోజు ఉదయం రేడియో గొంతు ఆవిడ మళ్ళీ పలికింది. అది చేపలు గుడ్లు పెట్టే కాలమనీ, వేట నిషేధం ముగిసేదాకా, అంటే అరవై ఒక్క రోజులు, తీరప్రాంతంలో ఎలాంటి యంత్రమూ బిగించరాదనీ, ఇది సంస్థ నియమావళిలో పద్నాలుగో నియమమనీ చెప్పింది.

"మా ఇంట్లో చేపే వండము మేడం," అన్నాడు భువన్, ఏడుపు గొంతుతో.

"చాలా సంతోషమండీ. చేపల తరఫున ధన్యవాదాలు."

ఆ అరవై ఒక్క రోజులు ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలుసు. స్నేహ అద్దం ముందు నిలబడటం మానేసింది. పెళ్ళిళ్ళకు పిలుపులు వస్తే అత్తను ఒక్కదాన్నే పంపింది. మీనాక్షమ్మ వదిన తాగడానికి పట్టిన మంచినీళ్ళలో ఒక బిందె తీసి, "నేను ఎట్లో తాగుతానులే, నువ్వు తలకు పోసుకో తల్లీ," అని స్నానాలగదిలో పెట్టేది. ఆ పిల్ల ఆ బిందెను మళ్ళీ వంటింట్లోకి తెచ్చేది. బట్టల కొట్టు సంచి నిండి రెండో సంచి మొదలైంది. నేను మాత్రం ఎవరైనా అడిగితే, తప్పంతా కంపెనీదేనని చెప్పాను.

నిషేధం ముగిశాక, జూన్ చివర్లో, యంత్రానికి బదులు జలమైత్రి వారి తీర పరిశీలనాధికారి ముఖేష్ వచ్చాడు. నెల్లూరు వైపు మనిషి, చిన్నవాడు, మర్యాదస్తుడు. ఆ ఎండలో రెయిన్‌కోటు వేసుకుని, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, మెడలో దుర్భిణి వేసుకుని వచ్చాడు. చెమట కారుతోంది. మిద్దె ఎక్కి నాలుగు దిక్కులూ చూశాడు. ఒకవైపు కొండ, ఒకవైపు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ, ఒకవైపు నా కొట్టు, ఇంకోవైపు ఎవరివో ఆరేసిన లుంగీలు. చాలాసేపు చూసి రాసుకున్నాడు. అతని భుజం మీంచి చదివాను. 'పరిశీలన సమయమున సముద్రము వెనుకకు తగ్గి ఉన్నది.'

"ఏమప్పా, సముద్రమే లేదు గదా!" అన్నాను.

"నాకు కనిపిస్తూనే ఉంది సార్, లేదని. కానీ లేదు అనే గడి ఫారంలో లేదు. ఆటు, పోటు అని రెండే ఉన్నాయి. పోటు అని రాస్తే మీ ఇల్లు ఖాళీ చేయిస్తారు."

ఫారాల మీద బతికే మనిషిని, ఆ మాట నిజమేనని ఒప్పుకున్నాను. అతను కిందికి దిగి, బోరు నీళ్ళు దోసిట పట్టి నోట్లో పోసుకుని ఆశ్చర్యపోయాడు.

"అమ్మా, ఇవి ఉప్పగా లేవే?"

"ఉప్పగా ఎందుకుంటాయి నాయనా? ఉప్పు నీళ్ళు కదా," అంది మీనాక్షమ్మ వదిన, ఇంత పెద్ద ఆఫీసరుకు ఇది కూడా తెలీదా అన్నట్టు.

ముఖేష్ కలానికి మూత పెట్టాడు. ఆ పిల్లవాడికి విషయం అర్థమైంది. అర్థమైనంత మాత్రాన చేయగలిగేది లేదని కూడా అర్థమైంది. కాఫీ తాగి, వేలూరులో తమ పదజాల సవరణ విభాగం ఉందనీ, అక్కడ మాట మార్పించుకుంటే సముద్రం దానంతటదే పోతుందనీ రహస్యంగా చెప్పి వెళ్ళాడు.

భువన్, నేను వేలూరు వెళ్ళాం. పదజాల సవరణాధికారి పేరు తంగవేలు. ఆయన బల్ల మీద ఒక నిఘంటువు, దాని మీద టిఫిన్ డబ్బా ఉన్నాయి. విషయమంతా విని, అనుమతించిన మాటల జాబితా తీశాడు. అందులో మాకు సరిపోయేది 'కఠిన జలము'. ఆహా, ఎంత మంచి మాట అనిపించింది. పాత మాట కొట్టేసి కొత్త మాట రాసిచ్చాను.

"రాస్తే సరిపోదు సార్," అన్నాడు తంగవేలు. "బోరు ఎవరి పేరు మీద ఉండాదో వాళ్ళు ఫోనులో ఆ మాట తమ నోటితో చెప్పాల. పక్కన ఎవరూ అందించకూడదు. పదడుగుల దూరం ఉండాల."

బోరు మీనాక్షమ్మ వదిన పేరు మీద ఉంది.

వారం రోజులు శిక్షణ నడిచింది. వదిన పిండి రుబ్బుతూ "కటిన జెలం", పూలు కడుతూ "కటిన జెలం" అని జపం చేసింది. ఒకసారి స్నేహ పరీక్ష పెడితే "జటిన కెలం" అంది. నెలల తర్వాత ఆ పిల్ల నవ్వడం అప్పుడే విన్నాను. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఈసారి పని అయిపోయినట్టేనని నాకు నమ్మకం కలిగింది.

ఆదివారం పది గంటలకు ఫోను వచ్చింది. మేమంతా నియమం ప్రకారం పదడుగులు కొలుచుకుని వాకిట్లో నిలబడ్డాం.

"అమ్మా, మీ ఇంటి బోరులో వచ్చేవి ఎలాంటి నీళ్ళండీ?"

వదిన మా వైపు చూసింది. పెదవులు కదిలాయి. "కటి..." అంది. ఆగింది. స్నేహ రెండు చేతులూ జోడించి నిలబడింది. వదిన ముఖం ఎర్రబడింది. ఆమె జన్మలో అబద్ధం చెప్పిన మనిషి కాదు, ఆ కొత్త మాట ఆమెకు అబద్ధం లాగానే తోచింది.

"వీళ్ళు ఏందో నేర్పించినారమ్మా. నోట్లోనే ఉండాది, రాలేదు. నిజం చెప్పాలంటే అవి ఉప్పు నీళ్ళే. ముప్పై ఏండ్లుగా ఉప్పు నీళ్ళే."

"ధన్యవాదాలండీ. సముద్రం ధ్రువీకరించబడింది."

వదిన ఫోను కింద పెట్టి నోరు కొట్టుకుంది. "నా నోరు పడిపోను, నా నోట్లో మన్ను పొయ్య! నీ జుట్టు నేనే పోగొట్టినానే తల్లీ!" అని ఏడ్చింది. స్నేహ పోయి ఆమె చేతులు పట్టుకుంది. "నువ్వేం చేసినావు అత్తా? ఉండేది చెప్పినావు," అంది. భువన్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు అక్కడ ఉండటానికి సిగ్గేసి కొట్టుకు వచ్చేశాను. ఆదివారమని కూడా చూడకుండా షట్టరు ఎత్తి కూర్చున్నాను.

తర్వాత నాలుగు రోజులు భువన్, స్నేహ కనబడలేదు. ఐదో రోజు స్నేహ ఒక్కతే వచ్చి, తల మీది పమిట తీసింది. నున్నటి గుండు. దాని మీద ఆరిన గంధం.

"కొండకు పోయొచ్చినాం మామా. ఇట్ల దినమూ కొంచెం కొంచెం కాలవలో పోయేదానికన్నా, ఉండేదన్నా ఒకేసారి స్వామికి ఇచ్చేద్దామని." లడ్డు నా చేతిలో పెట్టింది. "ఆ రెండు సంచులూ తీసుకుపోయినా. రాలినవి తీసుకోరంట. తల మీద ఉండేవే కావాలంట."

ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. "అమ్మా, నిన్ను ఇట్ల చేసింది నేనేనమ్మా. తమిళం నొక్కబోతే ఆపింది నేను. ఆ రెండు మాటలు రాసింది నేను," అన్నాను.

"తెలుసు మామా. దానికి నువ్వెందుకు ఏడ్చేది? మేమయినా అదే చెప్పుంటాం."

అంతలో ఆమె చేతిలో ఉన్న భువన్ ఫోను మోగింది. జలమైత్రి వారి సేవా సంతృప్తి సర్వే. ఎప్పటిలాగే తెలుగులో ఉంది, ఎప్పటిలాగే నేనే చదవాలి. మొదటి ప్రశ్న, 'మా వద్ద నమోదు కాకముందు మీకు జుట్టు రాలుచుండెనా?' అవును అంది, నొక్కాను. రెండోది, 'ప్రస్తుతము రాలుచున్నదా?' కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివాను. స్నేహ తల నిమురుకుంది.

"ఏమని చెప్పేది మామా? లేదు కదా. లేదనే నొక్కు."

లేదని నొక్కాను. నీలంగా అల లేచి పడింది. 'మీ సమస్య పరిష్కరించబడినది. మీ దరఖాస్తు ముగించబడినది.' తుపాను హెచ్చరికలు కూడా ఆ రోజుతో ఆగిపోయాయి. యంత్రం రాలేదు, ఇక రాదు కూడా. మీనాక్షమ్మ వదిన బోర్లో మామూలుగా ఉప్పు నీళ్ళే వస్తున్నాయి.

నెల తిరగకముందే నా కొట్టు ఎదుటి గోడ మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. వెనక సముద్రం, ముందు ఎవరో అమ్మాయి, ఆమె జుట్టు ఫ్లెక్సీ ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఎగురుతోంది. కింద అంతా తెలుగే. స్నేహ కూరగాయల సంచితో పోతూ ఆగింది. తల మీద అర అంగుళం జుట్టు మొలిచి, బడికి పోయే పిల్లవాడి తలలా ఉంది.

"ఏం రాసినారు మామా అక్కడ?"

అబద్ధం చెప్పాలని నాకు గట్టిగా అనిపించింది. ఏదో ఆఫరమ్మా అని ఉంటే సరిపోయేది. కానీ ఈ వీధికి ఉన్నదున్నట్టు చదివిపెట్టే పని నాది.

"గుడియాత్తం తీరంలో మా సేవల తర్వాత జుట్టు రాలడం నూటికి నూరుపాళ్ళు ఆగింది, అని రాసినారమ్మా."

స్నేహ ఆ జుట్టు వైపు కాసేపు చూసింది. సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"దాంట్లో అబద్ధం ఏముండాది మామా?" అని ఇంట్లోకి పోయింది.